పెట్టె మూత మీద ఐదు పేర్లు

విజయవాడ, సత్యనారాయణపురం
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఫోను ఎత్తలేదని అలిగావట. మీ ఆవిడ మా ఆవిడతో చెప్పింది, మా ఆవిడ నాకు చెప్పింది. భిలాయిలో పుట్టిన అలక మూడు నోళ్లు మారి బెజవాడ చేరేసరికి కాస్త పలచబడి ఉంటుందనే ధైర్యంతో రాస్తున్నాను. ఎత్తకపోవడానికి కారణం ఉంది. అది ఫోనులో చెప్పేది కాదు. నువ్వు మధ్యలో దూరి "అసలు విషయానికి రా" అంటావు, నేను రాలేను. ఉత్తరంలో ఆ బెడద లేదు. తీరికగా చదువు, కానీ భోజనానికి ముందు మాత్రం వద్దు.

అమ్మాయి డాక్టరీలో చేరిందని నీకు తెలుసు కదా. ఎండాకాలం సెలవులకు గుంటూరు నుంచి వస్తూ ఒక చెక్క పెట్టె మోసుకొచ్చింది. అమ్మ వసారాలో కూర్చుని గోరుచిక్కుడు కాయలకు ఈనెలు తీస్తోంది. "ఏమిటే అది?" అంది. "బోన్ సెట్ నానమ్మా." "అంటే?" "ఎముకలు." "గొడ్డువా, మనిషివా?" "మనిషివే." అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. పెట్టె గడప దాటలేదు. మెట్ల కింద, చెప్పుల పక్కన దానికి చోటు దొరికింది. పరీక్షకు చదువుకోవాలంటే పిల్ల అక్కడే చాప వేసుకుని చదువుకోవాలి, లేచాక స్నానం చేసి లోపలికి రావాలి.

రెండు రోజులకు నేను పాలకు వెళ్లి వచ్చేసరికి అమ్మ ఆ మెట్ల కింద వంగి ఉంది. పెట్టె తెరిచి ఉంది. తొడ ఎముకను పట్టుకోకుండానే, పొద్దుటి వెలుగులో తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఎముక మీద ఎరుపు, నీలం సిరాతో గీతలు ఉంటాయి బావా. కండరం ఎక్కడ మొదలవుతుందో అది ఎరుపు, ఎక్కడ అతుక్కుంటుందో అది నీలం. పిల్లలు గుర్తుకోసం గీసుకుంటారు. "ఎవరివే ఇవి?" అని మనవరాలిని అడిగింది. అది మూత లోపలి వైపు చూపించింది. ఐదు పేర్లు ఉన్నాయి, ఒక్కొక్కరి బ్యాచి సంవత్సరంతో సహా. ఒక సీనియర్ ఇంకో సీనియర్ దగ్గర కొన్నాడు, ఆయన ఇంకొకరి దగ్గర, అలా ఐదు చేతులు మారి మా ఇంటికి వచ్చాయి. "సీనియర్‌వి నానమ్మా." "ఆ సీనియర్ బతికే ఉన్నాడుగా. ఇవి ఎవరివి అని అడుగుతున్నాను."

అదిగో, ఆ ప్రశ్న దగ్గర మా ఇంట్లో అందరి నోళ్లూ మూతపడ్డాయి. అమ్మాయి తనకు తెలిసినంత చెప్పింది: కటి ఎముక వెడల్పును బట్టి చూస్తే ఆడమనిషి, తొడ ఎముక పొడవును బట్టి పొట్టి మనిషే. "పిల్లలున్నారా?" అంది అమ్మ. అది ఎముక చెప్పదట.

అప్పటి నుంచి నాకు అదే రంధి. లెనిన్ సెంటరులో మనం పాత పుస్తకాలు ఏరుకునే కొట్లు గుర్తున్నాయా? అక్కడి నుంచీ, గ్రంథాలయం నుంచీ, అమ్మాయి పంపిన వ్యాసాల నుంచీ నెలల తరబడి ఇదే చదివాను. ఉద్యోగ విరమణ దగ్గరపడ్డ మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండాలి. ఎదురింటాయన మొక్కలు పెంచుతున్నాడు, నేను శవాల చరిత్ర చదువుతున్నాను.

ముందు మన దగ్గర మొదలుపెడతాను. సుశ్రుతుడు శస్త్రవైద్యుడికి శరీరం లోపల ఎలా ఉంటుందో కళ్లారా చూసి తీరాలన్నాడు. అందుకు ఎలాంటి శవం కావాలో కూడా చెప్పాడు: అవయవాలన్నీ ఉండాలి, విషం వల్ల పోయి ఉండకూడదు, దీర్ఘరోగంతో పోయి ఉండకూడదు, మరీ పండు ముసలి కాకూడదు. దానిని దర్భ, ముంజగడ్డి, నార లాంటి వాటితో చుట్టి, పంజరంలో పెట్టి, మరుగైన చోట పారే నీళ్లలో ఉంచాలి. ఏడు రాత్రులు నానాక బయటికి తీసి, వట్టివేళ్లు, వెదురు, వెంట్రుకల కుంచెలతో నెమ్మదిగా రుద్దుతూ, పొర తర్వాత పొర తొలగిస్తూ చూడాలి. కత్తి మాటే లేదు చూడు. ముట్టుకోవడానికి జంకే సమాజంలో ముట్టుకోకుండానే లోపలికి వెళ్లే ఉపాయం అది. ఇది చదివిన రాత్రి బ్యారేజీ మీద నడుస్తూ కృష్ణ వైపు చూడలేకపోయాను. అంత వివరంగా చెప్పిన మహానుభావుడు ఆ శవం ఎవరిదో, ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చెప్పలేదు.

పడమటి వాళ్ల కథ దానికి పూర్తిగా ఎదురు. వాళ్లకు ఎక్కడి నుంచి అనేదే పెద్ద కథ. 1543లో మనిషి శరీర నిర్మాణం మీద గొప్ప గ్రంథం అచ్చువేసిన వెసాలియస్ కూడా కుర్రతనంలో లూవెన్ ఊరి బయట ఉరికంబానికి వేలాడుతున్న అస్థిపంజరాన్ని రహస్యంగా ఇంటికి చేరవేసుకున్నవాడే. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. అంతకు ముందు పదమూడు వందల ఏళ్లు అందరూ నమ్మిన పాతకాలపు గ్రీకు వైద్యుడు గాలెన్ కోతులనూ పందులనూ కోసి మనిషి గురించి రాశాడు. కింది దవడ రెండు ఎముకలని గాలెన్ అంటే, కాదు ఒకటే అని చూసి చెప్పింది వెసాలియస్. చూడకపోతే తెలియదు, చూడాలంటే శవం కావాలి. ఆ ముడి ఎప్పటికీ విడలేదు.

ఇంగ్లండులో రాజుగారు విప్పబోయారు. 1540లో ఎనిమిదో హెన్రీ శస్త్రవైద్యుల సంఘానికి ఏడాదికి నాలుగు ఉరిశవాలు ఇచ్చాడు. 1752 నుంచి అమలైన చట్టం ఇంకో మెట్టు ఎక్కింది: ఉరితీసిన హంతకుడిని పాతిపెట్టకూడదు, కోతకు ఇవ్వాలి లేదా గొలుసులతో వేలాడదీయాలి. అంటే కోయడాన్ని చదువు కోసమని కాకుండా శిక్షగా చట్టంలో రాశారు. ఇది గుర్తుపెట్టుకో, మళ్లీ పనికొస్తుంది.

వైద్యవిద్య పెరిగింది, శరీర నిర్మాణం నేర్పే ప్రైవేటు అనాటమీ బడులు వీధికొకటి వెలిశాయి, ఉరిశవాలు చాలలేదు. అప్పుడు తవ్వేవాళ్లు పుట్టుకొచ్చారు. వాళ్ల పనితనం వింటే నీలోని ఇంజనీరు మెచ్చుకుంటాడు, అందుకే సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఇనుప పార అయితే రాయికి తగిలి చప్పుడవుతుందని చెక్క పార వాడేవారు. సమాధి అంతా తవ్వరు, తలవైపు మాత్రమే గొయ్యి తీస్తారు. శవపేటిక మూతను అక్కడికి విరిచి, తాడు వేసి పైకి లాగేస్తారు. లాగాక బట్టలన్నీ విప్పి, తిరిగి పేటికలో పడేసి, మట్టి కప్పి సర్దుతారు. బట్టలు ఎందుకు వదిలేవారో తెలుసా? అక్కడి చట్టంలో శవం ఎవరి ఆస్తీ కాదు. దానిని ఎత్తుకుపోతే చిన్న నేరం. ఒంటి మీది గుడ్డ మాత్రం ఆస్తి. అది ముట్టుకుంటే పెద్ద దొంగతనం!

నాకు వెంటనే కాటిసీను గుర్తొచ్చింది. చిన్నప్పుడు తెల్లవార్లూ మేలుకుని చూసిన హరిశ్చంద్ర నాటకంలో కాటికాపరి కొడుకు శవం మోసుకొచ్చిన భార్యను కూడా కాటి సుంకం అడుగుతాడు, ఆమె దగ్గర ఉన్నది ఒక్క గుడ్డే. అక్కడా ఇక్కడా లెక్కకు వచ్చింది గుడ్డే, లోపలి మనిషి కాదు. ఇది నా పైత్యం అనుకో.

డబ్బున్నవాళ్లు సమాధుల మీద ఇనుప బోనులు బిగించారు. స్కాట్లండు శ్మశానాల్లో కాపలా బురుజులు కట్టారు. శవం కుళ్లి ఎవరికీ పనికిరాకుండా పోయేదాకా బోను ఉంచి, తర్వాత ఇంకొకరి సమాధికి మార్చేవారు. కుళ్లిపోవడం కోసం బంధువులు ఎదురుచూడటం ఎంత ఘోరమో ఆలోచించు. బోను పెట్టించుకోలేనివాళ్ల సంగతి చెప్పక్కరలేదు.

ఇప్పుడు ఎడిన్‌బరో. 1827 చివర్లో హేర్ అనేవాడి పూటకూళ్ల ఇంట్లో ఒక ముసలి మాజీ సైనికుడు జబ్బుతో పోయాడు. అద్దె బాకీ 4 పౌండ్లు. హేర్, అతని స్నేహితుడు బర్క్ కలిసి పేటికలో చెట్టు బెరడు నింపి పాతిపెట్టించి, శవాన్ని డాక్టర్ నాక్స్ అనాటమీ బడికి అమ్మారు. వచ్చింది ఏడున్నర పౌండ్లు. బాకీ తీరగా లాభం. ఇద్దరూ ఐర్లండు నుంచి కూలికి వచ్చినవాళ్లు, అంత డబ్బు ఒక్కసారిగా చూడనివాళ్లు. అయితే అద్దెకున్నవాళ్లు అడిగినప్పుడల్లా చచ్చిపోరు కదా. అందుకని తాగించి, ముక్కూ నోరూ మూసి చంపడం మొదలుపెట్టారు. ఒంటి మీద గాయం కనిపించదు, సరుకు తాజాగా ఉంటుంది. చలికాలం ధర 10 పౌండ్లు, వేసవిలో 8. ఎండకు శవం నిలవ ఉండదు కాబట్టి తగ్గింపు! పది నెలల్లో 16 మందిని చంపారు.

ఎవరిని చంపారో చూడు. ఊరుగాని ఊరు వచ్చిన ముసలమ్మలు, బిచ్చమెత్తుకునేవాళ్లు, ఒళ్లమ్ముకునే ఆడవాళ్లు, వీధుల్లో తిరుగుతూ అందరినీ నవ్వించే జేమీ అనే అమాయక కుర్రాడు. జేమీని బల్ల మీద చూడగానే విద్యార్థులు గుర్తుపట్టారు. కాదని నాక్స్ కొట్టిపారేశాడు. అదే నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా చేదుగా తగిలింది. తెల్లవారేసరికి తలుపు దగ్గర తాజా శవం వస్తుంటే ఎక్కడిదని అడగకపోవడానికి ఎంత చదువు కావాలి!

చివరికి గడ్డి కింద దాచిన ఒక ముసలమ్మ శవాన్ని ఇంట్లో దిగినవాళ్లు చూడటంతో గుట్టు రట్టయింది. హేర్ సాక్షిగా మారి బయటపడ్డాడు. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరితీశారు. ఆ శవాన్ని ఏం చేశారనుకున్నావు? కోశారు, విశ్వవిద్యాలయంలో, జనం విరగబడి చూస్తుండగా. వాడి అస్థిపంజరం ఇప్పటికీ అక్కడి అనాటమీ మ్యూజియంలో ఉంది, చర్మంతో చేసిన చిన్న జేబు పుస్తకం ఇంకో మ్యూజియంలో ఉంది. నాక్స్ మీద కేసే లేదు.

లండనులోనూ 1831లో అలాంటి హత్యలే బయటపడ్డాయి. పార్లమెంటు దిగివచ్చి 1832లో అనాటమీ చట్టం చేసింది. తవ్వుకోనక్కరలేదు, కొనుక్కోనక్కరలేదు. పేదల వసతి గృహాల్లో, ఆసుపత్రుల్లో చచ్చిపోయి, అడిగేవాళ్లు రాని శవాలను బడులకు ఇచ్చేయవచ్చు. దొంగతనాలు తగ్గి క్రమంగా కనుమరుగయ్యాయి. నిజంగా మేలే, కాదనను. కానీ 1752 మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా. నిన్నటిదాకా హంతకుడికి విధించిన శిక్షను ఇవాళ పేదవాడి తల మీద పెట్టారు. వాడు చేసిన నేరమల్లా అడిగేవాళ్లు లేకపోవడం. మన రాష్ట్రాల్లో ఉన్న అనాటమీ చట్టాలూ ఆ తానులోని గుడ్డలే. ఆసుపత్రిలో పోయిన అనాథ శవాన్ని కాలేజీకి ఇవ్వవచ్చు.

అమెరికాలో ఈ పనికి ఏకంగా ఒక మనిషినే కొన్నారు. 1852లో జార్జియా మెడికల్ కాలేజీ వాళ్లు గ్రాండిసన్ హారిస్ అనే నల్లజాతి బానిసను కొని, రాత్రిళ్లు నల్లవాళ్ల శ్మశానం తవ్వించారు. తవ్వే ముందు సమాధి మీద పూలు ఎలా పెట్టి ఉన్నాయో గుర్తుపెట్టుకుని మళ్లీ అలాగే సర్దేవాడట. 1989లో ఆ పాత భవనం నేలమాళిగ కింద ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. తర్వాత వాటిని తీసుకువెళ్లి ఆ శ్మశానంలోనే తిరిగి పాతిపెట్టారు. ఇక 1878లో ఒహాయోలో ఒకాయన, దొంగలు ఎత్తుకుపోయిన వేరే శవాన్ని వెతుకుతూ మెడికల్ కాలేజీకి వెళ్తే, తాడుకు వేలాడుతూ తన తండ్రే కనిపించాడు. ఆ తండ్రి అమెరికా అధ్యక్షుడి కొడుకు! అప్పుడు దేశం గగ్గోలెత్తింది. అంతకు ముందు పోయిన వేల మందికి ఎత్తలేదు.

ఇదంతా చదివి, మనం కాల్చేస్తాం కాబట్టి ఈ పాపం మనకు అంటలేదని కొన్నాళ్లు గర్వపడ్డాను. అమ్మాయి ఒక్క వాక్యంతో దింపేసింది. "నాన్నా, 1985లో మన ప్రభుత్వం నిషేధించేదాకా ప్రపంచంలోని వైద్య విద్యార్థులకు అస్థిపంజరాలు పంపింది ఎక్కువగా మన దేశమే, కలకత్తా నుంచి." కాల్చడానికి కట్టెలు కొనలేనివాళ్లు, సగం కాలి నదిలో వదిలినవాళ్లు, ఎవరూ అడగనివాళ్లు ఓడలెక్కి లండనుకూ న్యూయార్కుకూ వెళ్లిపోయారన్నమాట. అదే కలకత్తాలో 1836లో మధుసూదన్ గుప్త అనే పండితుడు కులం వాళ్లు ఏమంటారోనన్న జంకు లేకుండా మెడికల్ కాలేజీలో శవం మీద కత్తి పెట్టాడు. కోటలో ఫిరంగులు పేల్చారని చెప్పుకుంటారు. ఆయన అంతకు ముందు సుశ్రుతాన్ని పాఠం చెప్పినవాడే. ఆ రోజు బల్ల మీద ఉన్నదెవరో, ఫిరంగులు ఎవరి కోసం మోగాయో మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

అమ్మకు ఇదంతా విడతలు విడతలుగా చెప్పేవాడిని. ఆవిడ వినేది, వ్యాఖ్యానం చేసేది కాదు. మహాలయ అమావాస్య ముందురోజు మాత్రం "రేపు ఆవిడకు కూడా నీళ్లు వదులు" అంది. ఎవరికి అని నేను అడగలేదు.

పొద్దున్నే దుర్గా ఘాట్‌కు వెళ్లాను. నాన్నకూ తాతలకూ అయ్యాక పురోహితుడితో నసుగుతూ విషయం చెప్పాను: ఇలా మా ఇంట్లో ఒకావిడ ఉన్నారు, పేరు తెలియదు, గోత్రం తెలియదు. ఆయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. "మీరు ఏటా వదులుతూనే ఉన్నారండీ, అర్థం అడగలేదు అంతే" అన్నాడు. చివరి దోసిలి మంత్రం అదేనట: యేషాం న మాతా న పితా న బంధుః. ఎవరికి తల్లి, తండ్రి, బంధువు లేరో వాళ్లంతా ఈ నీళ్లతో తృప్తి పొందాలని. ఇరవై రెండేళ్లుగా నోటితో చిలకలా పలుకుతున్నాను బావా! ఈసారి నీళ్లు వదులుతుంటే చెయ్యి కొంచెం వణికింది. చలికి అనుకోమాకు, బెజవాడలో భాద్రపదంలో చలేమిటి.

అయితే నీళ్లు వదిలితే బాకీ తీరిపోతుందా? తీరదు. మా పిల్ల రోజూ ఎవరో ఒకరిని కోసే నేర్చుకుంటోంది. మొదటి రోజు శవం ముందు అందరూ నిలబడి ప్రమాణం చేశారట, తొలి గురువు అని. శవం కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లమ్మట నీళ్లు కారతాయట, విచిత్రంగా ఆకలి కూడా వేస్తుందట. రేపు అది నీకో నాకో కడుపు కోయాలంటే ఇవాళ ఎవరో ఒకరు పడుకోవాలి. ఎప్పుడూ అడిగేవాళ్లు లేనివాళ్లే ఎందుకు పడుకోవాలి? 1832లోనే బెంథామ్ అనే ఇంగ్లండు తత్వవేత్త తన శరీరాన్ని కోయమని వీలునామా రాసి, స్నేహితులను పిలిపించి మరీ కోయించుకున్నాడు. మొన్న 2024లో సీతారాం ఏచూరి పోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చారు. వాళ్లకు అడిగేవాళ్లు లేకనా?

కనుక నేను శరీరదానం ఫారం తెచ్చుకున్నాను. ఊపిరి పీల్చుకో. షరతులు చదివితే నవ్వొచ్చింది: పోస్టుమార్టం జరిగిన శరీరం వద్దు, అంటురోగంతో పోయినది వద్దు. సుశ్రుతుడి జాబితాకు దగ్గర చుట్టమే. కళ్లు విడిగా ఇచ్చినా అభ్యంతరం లేదు.

గొడవల్లా మా ఆవిడతో. "మీకు పిచ్చి పట్టిందా" దగ్గర మొదలై, చివరికి ఒక్క మాట అంది: "అమ్మాయి చదువుకునే బల్ల మీద వాళ్ల నాన్న పడుకుంటాడా?" వేరే ఊరి కాలేజీకి రాసిస్తానన్నాను. అక్కడ ఇంకెవరి పిల్లలో ఉంటారు అని కూడా అన్నాను. వంటింట్లోకి వెళ్లిపోయింది. ఫారం ఇప్పుడు బీరువాలో పట్టుచీరల అడుగున ఉంది. ఆవిడ బాధ తప్పని నేను అనలేను. కాల్చడానికి ఏమీ మిగలకపోతే ఏడవడానికి ఎక్కడికి వెళ్లాలో మనవాళ్లకు తెలియదు. పైగా నేనెన్ని సంతకాలు పెట్టినా, నేను పోయాక కాలేజీకి కబురు చేయాల్సింది ఆవిడే. వద్దనుకుంటే ఊరుకుంటుంది, అంతే. నువ్వు ఫోను చేసినప్పుడల్లా మా ఇంట్లో ఈ గొడవే నడుస్తోంది. ఎత్తితే నీతో అబద్ధమాడాలి.

నువ్వు సంక్రాంతికి వస్తావు కదా. నీ మాట అంటే మా ఆవిడకు గురి. ఒప్పించమని అడగను, ఒకసారి కూర్చుని మాట్లాడు చాలు. ఒప్పుకుంటే ఫారంలో ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు ఇంటివాళ్లు, రెండోది నువ్వు.

పెట్టె మెట్ల కింద లేదు. మహాలయ అమావాస్య మర్నాడే అమ్మ దానిని ఇంట్లోకి తెప్పించి గూట్లో పెట్టించింది. కింద ఉంటే వచ్చేపోయేవాళ్ల కాళ్లు తగులుతాయట. మొన్న అమ్మాయి వచ్చినప్పుడు మూత లోపల ఆరో పేరుగా తన పేరు రాసుకోబోతే, అమ్మ పెన్ను లాగేసుకుంది. "నీవి కావుగా" అంది. ఆ పెన్ను ఇంతవరకూ తిరిగి ఇవ్వలేదు. దానితో పాటు ఇంట్లో ఉన్న మిగతావీ దాచేసినట్టుంది, ఈ ఉత్తరం పాలవాడి పెన్నుతో రాస్తున్నాను. సంతకానికి వచ్చేటప్పుడు నీది నువ్వే తెచ్చుకో.

నీ
గవర్నరుపేట గదిలో సగం వాటాదారు